చెవిటి పాత్ర రాస్తున్నాను, సినిమాల్లో ఎక్కడ తేడా కొడుతోంది?

కొత్త_కలం:

నమస్తే అండీ. ఒక వెబ్ సిరీస్ రైటింగ్ టీమ్‌లో ఉన్నాను. అందులో ఒక టైలర్ పాత్ర ఉంది. నలభై ఏళ్ళ మనిషి, పుట్టు చెవుడు. మొదటి డ్రాఫ్టులో ఆయన ఎప్పుడూ మౌనంగా ఉంటాడు, ఎదుటివాళ్ళ పెదాలు చూసి అన్నీ అర్థం చేసుకుంటాడు, బాధేస్తే కిటికీలోంచి బయటికి చూస్తాడు. డైరెక్టర్‌కి నచ్చింది. నాకే ఎక్కడో అతకడం లేదు. ఆలోచిస్తే తెలిసిందేంటంటే, నాకు తెలిసిన చెవిటివాళ్ళంతా సినిమాల్లో చూసినవాళ్ళే. ఇంట్లోనో, చుట్టాల్లోనో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి. తిట్టినా పర్లేదు.

పుట్టుమచ్చ:

తిట్టను గానీ ముందు ఆ కిటికీ మూసేయండి.

మా అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ పుట్టుకతోనే వినపడదు. నాకూ తమ్ముడికీ వినపడుద్ది. గుంటూరులో పెరిగాం. నాన్న ప్రెస్సులో కంపోజిటరు, అంటే అచ్చు అక్షరాలు పేర్చే పని. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు. ట్రెడిల్ మిషను మోతకి పక్కవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. నాన్న దాని మీద అరచెయ్యి ఆనించి, ఎక్కడో బోల్టు వదులైందని చూపించేవాడు. మీ టైలర్‌కి కూడా కుట్టుమిషను సంగతి చెవితో కాదు, పెడల్ మీదున్న పాదంతో తెలుస్తుంది. అది రాసుకోండి.

మౌనం అన్నారు చూడండి, మా ఇంటంత గోల ఇల్లు మా వీధిలో ఇంకోటి లేదు. అమ్మ అంట్లు తోముతుంటే పక్కింటివాళ్ళు ఇటువైపు కిటికీ వేసుకునేవాళ్ళు. తలుపు వేస్తే ధడేల్. నాన్న నవ్వితే మూడిళ్ళ అవతలికి. మమ్మల్ని పిలవాలంటే నేల మీద కాలితో దబదబా కొట్టేవాళ్ళు. తమ చప్పుడు తమకి తెలియనివాళ్ళ ఇంట్లో చప్పుడు ఎందుకు తగ్గుద్ది? సినిమాలో మాత్రం చెవిటి పాత్ర రాగానే వెనక ఒక ఫ్లూటు పెట్టి మిగతా శబ్దమంతా తీసేస్తారు, ఆ మనిషి గొంతుతో సహా. చెవుడు చెవికి గానీ గొంతుకి కాదు కదా. అమ్మకి నా పేరు పలకడం రాదు. ఒక రకంగా "ఆఁవ్" అంటుంది. కూరగాయల మార్కెట్లో ఆ కేక వినపడితే జనమంతా అమ్మని చూస్తారు, నేనొక్కదాన్నే నన్ను పిలిచిందని వెనక్కి తిరుగుతాను.

దీనికి తోడు మూగనీ చెవుడునీ కలిపి ఒకే మూట కట్టేశారు మనవాళ్ళు. 'సిరిసిరిమువ్వ' (1976)లో జయప్రదది మూగ పాత్ర. పాట వినపడుద్ది, అందుకే ఆడగలదు. ఆ సినిమా మీద నాకు కోపం లేదు, చంద్రమోహన్ కోసం ఎన్నిసార్లయినా చూస్తాను. కానీ చిన్నప్పటి నుంచీ "మీ అమ్మ సిరిసిరిమువ్వలో జయప్రద టైపా?" అని అడుగుతూనే ఉన్నారు. కాదండీ. మా అమ్మ రెండు చేతులతో తిడుతుంది, మొహంతో కూడా తిడుతుంది.

మొహం అంటే గుర్తొచ్చింది. నటులు చేతులు చక్కగా నేర్చుకుంటారు, మొహం మాత్రం దిగులుగా పెట్టి ఆపేస్తారు. సైగల్లో ప్రశ్న కనుబొమల్లో ఉంటుంది. "అన్నం తిన్నావు", "అన్నం తిన్నావా" రెంటికీ చేతులు అవే. తేడా అంతా కనుబొమల్లోనే. ఇక కెమెరా క్లోజప్‌కి వెళ్ళి చేతుల్ని ఫ్రేములోంచి కోసేస్తుంది. అంటే డైలాగు మధ్యలో మైకు కట్టేసినట్టే. అమ్మ ఆ షాటు వచ్చినప్పుడల్లా నావైపు తిరిగి "ఏమన్నాడు?" అంటుంది. నాకు మాత్రం ఏం తెలుసు!

ఒకసారి ఊళ్ళో ఒక థియేటర్లో, పేరెందుకులెండి, తెర వెలుగులో అమ్మకి కథ చెబుతున్నాను. "చేతులు దించమ్మా, సినిమా కనపడట్లేదు" అని వెనకనుంచి ఒకాయన. నిజమే, ఆయన డబ్బులూ డబ్బులే. అప్పటి నుంచి వెనక గోడ వరసలోనే టిక్కెట్లు తీసుకున్నాం. ఇప్పుడు ఓటీటీలో సబ్‌టైటిల్స్ ఉన్నాయంటారు గానీ, చాలా తెలుగు సినిమాలకి ఉండేవి ఇంగ్లీషువే. అమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడు రాత్రిపూట ఏడిస్తే వినపడదని, అమ్మ తన పాత చీర అంచు చింపి ఒక కొస నా కాలికి, ఇంకో కొస తన మణికట్టుకి కట్టుకుని పడుకునేదట. నేను కాళ్ళు తన్నితే తనకి మెలకువ. నాన్నమ్మ చెప్పింది. ఏ సినిమాలోనూ ఇది చూళ్ళేదు. చెవిటి తల్లి అనగానే పిల్ల ఏడుస్తుంటే పట్టించుకోని సీనే రాస్తారు.

సగం_చెవి:

ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. రాజమండ్రి. అక్క చెప్పినవాటికి నాదొకటి కలుపుతాను: పెదాలు చూసి అన్నీ తెలుసుకోవడం అబద్ధం బ్రదర్. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా "పాట, బాట, మాట" అని చూడు. మూడూ ఒకటే. సందర్భాన్ని బట్టి ఊహించుకోవడమే సగం పని. సాయంత్రానికి తల వాచిపోతుంది. ఎదుటివాడు పక్కకి తిరిగితే పోయింది, నోట్లో కిళ్ళీ ఉంటే పోయింది. ఇప్పటి హీరోల గడ్డాలు మీసాలు చూస్తే నాకు ఏడుపొస్తుంది, పెదాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

'రంగస్థలం' (2018) నాకు నచ్చింది మాత్రం. అందులో సరిగ్గా వినపడని హీరో చిట్టిబాబుకి చెవి మిషను పెట్టుకోవడం నామోషీ. నేనూ ఇంటర్ రెండేళ్ళూ మిషను జేబులోనే పెట్టుకుని తిరిగాను. పెట్టుకుంటే అమ్మాయిలకి తెలిసిపోతుందని. పెట్టుకోకపోవడంవల్ల తెలిసిపోయింది, అది వేరే సంగతి. పైగా అతను జాలిపడాల్సిన మనిషిలా కాకుండా కొట్లాడతాడు, ప్రేమిస్తాడు, తప్పులు చేస్తాడు.

నిష్ఠూరం:

అన్నీ బానే ఉన్నాయి గానీ, నటన అంటేనే లేనిది ఉన్నట్టు చూపించడం. మీ మాటలు చూస్తే చెవిటి పాత్రకి చెవిటివాళ్ళే కావాలనేట్టున్నారు, అలాగైతే పోలీసు పాత్రకి పోలీసుల్నే పెట్టాలి. పైగా చెవిటి తాత మీద ఒక జోకు వేసినా తప్పేనంటే ఎలా? మన సామెతల్లోనే ఉంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని.

పుట్టుమచ్చ:

సామెత మొత్తం చెప్పండి మరి. "చెవిటివాని ముందు శంఖమూదితే అది కొరకను వాని తాత తరం కాదన్నాడట." ఊదేవాడి బుగ్గలు ఉబ్బడం చూశాడు, ఏదో గట్టిది కొరుకుతున్నాడనుకున్నాడు. మా నాన్న అచ్చం అలాగే మాట్లాడతాడు, ఈ సామెత చెబితే పడీపడీ నవ్వాడు. జోకు వద్దని నేనెక్కడన్నాను? 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా ఒక హిందీ సినిమా కేసులో ఇదే తేడా చెప్పింది: వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, ఆ మనిషిని కించపరిచే హాస్యం వేరు అని.

ఇక నటన సంగతి. అభినయ తెలుసు కదా? 'శంభో శివ శంభో', 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో చెల్లెలు. ఆ అమ్మాయికి వినపడదు, మాట రాదు. మనం ఆ సినిమాల్లో చూసింది మాత్రం మాట్లాడే అమ్మాయినే. పెదాలు ఆమెవి, గొంతు డబ్బింగ్ వాళ్ళది. తేడా కనిపెట్టినవాళ్ళు ఎంతమంది? వినపడని అమ్మాయి వినపడే పాత్ర చేస్తే మనకి తెలియనే లేదు. అలాంటిది వినపడని పాత్ర రాసుకున్నప్పుడు ఆ తలుపు ఎందుకు తట్టరు? నా గొడవంతా అదే.

సగం_చెవి:

అక్కా, 'ఇక్బాల్' (2005) చూశావా? మన హైదరాబాదులో పుట్టిన నగేష్ కుకునూర్ తీసింది. వినపడని, మాట రాని కుర్రాడి క్రికెట్ కథ.

పుట్టుమచ్చ:

చూశాను. అందరూ బౌలింగ్ చూస్తారు, నేను ఆ చెల్లెల్నే చూస్తూ కూచున్నాను. అన్న సైగలు చేస్తుంటే పక్కన నిలబడి అందరికీ నోటితో చెప్పే పిల్ల. ('కొత్త బంగారు లోకం' హీరోయిన్ శ్వేతా బసు ప్రసాదే, చిన్నప్పుడు.) తొమ్మిదేళ్ళకి డాక్టరు గదిలో అమ్మ గర్భసంచి గురించి ఆయన చెప్పింది నేనే అమ్మకి చెప్పాను. సగం మాటలకి నాకే అర్థం తెలియదు. మీ టైలర్‌కి పిల్లలుంటే, తమ్ముడూ, వాళ్ళకి కూడా ఒక సీను ఇవ్వు.

కొత్త_కలం:

అక్కా, కూతుర్ని పెట్టేశాను. కిటికీ పోయింది. డైరెక్టర్‌తో ఇంకా గొడవ నడుస్తోంది. రెండు అడుగుతాను. సైగల్లో పేర్లు ఎలా పెడతారు? కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఎలా మాట్లాడుకునేవాళ్ళు? ఆ సీను రాయాలనుంది.

పుట్టుమచ్చ:

పేరు మనిషిని చూసి పెడతారు, మనం పెట్టుకునేది కాదు. నాది ముక్కు పక్కన వేలు, పుట్టుమచ్చ ఉంది కాబట్టి. మా ఇంట్లో బాలకృష్ణ అంటే తొడ మీద ఒక్క దెబ్బ. మీ టైలర్‌కి మెళ్ళో టేపు ఉంటుంది కదా, ఊళ్ళో చెవిటివాళ్ళు రెండు చేతులూ మెడ నుంచి కిందికి జారుస్తారు, అదే ఆయన పేరు.

కరెంటు పోతే మాటలు పోయినట్టే. గొడవ మధ్యలో పోతే మరీ కష్టం. ఎండాకాలం ఒకసారి అమ్మానాన్న పోట్లాడుకుంటుంటే పోయింది. అమ్మ చీకట్లోనే నాన్న చెయ్యి లాక్కుని అరచేతిలో వేలితో ఏదో రాసింది. నాన్న నవ్వాడు, ఆ నవ్వు నాకు వినపడింది. ఏం రాసిందో ఇప్పటికీ చెప్పరు.

సీనులో టార్చి పెడితే ఒకటి చూసుకో. చేతిలో పట్టుకోకూడదు, ఒక చెయ్యి పోతుంది. అమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద నిలబెట్టి, వెలుగు గోడ మీద పడేలా చేసేది.