మెదడు గడ్డ శస్త్రచికిత్స తరువాత అమ్మ ముఖంలో ఒక వైపు కదలడం లేదు

ప్రశ్న (జయనగర్, బెంగళూరు):
మా అమ్మగారికి అకౌస్టిక్ న్యూరోమా (చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరంపై, ముఖ నరం పక్కనే పెరిగేది) అనే గడ్డను తొలగించి ఏడు వారాలయింది. అది క్యాన్సర్ కాదని తేలింది గాని, ఆనాటి నుంచి ముఖం ఎడమవైపు కదలడం లేదు. ఆ కన్ను పూర్తిగా మూతపడదు, మజ్జిగ తాగితే పెదవి చివర నుంచి కారిపోతుంది. ఆమె పేరంటాలకు వెళ్ళడం మానుకున్నారు. ఇది ఎంతకాలం ఉంటుంది?

జవాబు:
నాకూ నాలుగేళ్ళ క్రితం ఇదే జరిగింది. ముందు కంటి సంగతి చూడండి, మిగిలినవన్నీ తరువాత. రెప్ప మూతపడకపోతే కంటి నల్లగుడ్డుపై పొర ఎండి పుండు పడవచ్చు కాబట్టి, నేను వైద్యులు చెప్పినట్లు పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకుని, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి రెప్పను టేపుతో మూసి పడుకునేదాన్ని. మన ఊరి దుమ్ములో ఆటో ఎక్కాలంటే పక్కలు మూసిన కళ్ళద్దాలు ఉండాల్సిందే. కన్ను ఎర్రబడితే, నొప్పి లేకపోయినా, ఆ రోజే చూపించండి. స్పర్శ తగ్గిన కంటికి నొప్పి తెలియదు.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
ముఖ నరం తెగకుండా నలిగి మాత్రమే ఉంటే కోలుకునే అవకాశం ఎక్కువ. నరపు పోగులు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి గనుక నెలలు పడుతుంది. ముఖ కదలికను అంచనా వేసే హౌస్–బ్రాక్‌మన్ కొలమానంలో 1 (మామూలు కదలిక) నుంచి 6 (అసలు కదలిక లేకపోవడం) వరకు అమ్మగారు ఏ స్థాయిలో ఉన్నారో శస్త్రవైద్యులను అడగండి. బుగ్గలు బలంగా ఊదించకండి. తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పిన పోగులు వేరే కండరాలకు చేరితే నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుపోవచ్చు; బలవంతపు కదలికలు దీన్ని ఎక్కువ చేయవచ్చు. అద్దం ముందు నెమ్మదైన చిన్న కదలికలే మేలు.

ప్రశ్న అడిగినవారు:
టేపు సంగతి మాకెవరూ చెప్పలేదు. రేపే కంటి వైద్యుల దగ్గరకు తీసుకువెళ్తున్నాను.