కూలిన పాతాళ సామ్రాజ్యం మీద నిలిచిన దేశానికి పటం ఎలా గీయాలి?

రేగడినేల:

నేను రాస్తున్న కాల్పనిక నవల మీదినాడు అనే దేశంలో జరుగుతుంది. ఆరు వందల ఏళ్ల క్రితం ఆ నేల కింద బిలసీమ అనే సామ్రాజ్యం ఉండేది. ఏడు అంతస్తులుగా తవ్విన నగరాలు, వాటిని కలిపే సొరంగ మార్గాలు, లోపలే పారే కాలువలు, మొత్తం మీద పది లక్షల జనాభా. ఒక పెద్ద భూకంపంలో అదంతా కూలిపోయింది. బతికి బయటపడినవారి వారసులూ, ఆ తరవాత పడమటి నుంచి పశువుల మందలతో వచ్చినవారూ కలిసి ఇప్పుడు పైన వ్యవసాయం చేసుకుంటున్నారు. దేశం ఒక పీఠభూమి, ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచి దాటడానికి ఇరవై రోజులు పడుతుంది. మధ్యలో మునకలేరు అనే పెద్ద నది పారుతుంది, దాని ఒడ్డున గుమ్మిపాడు అనే రాజధాని ఉంది.

ఇబ్బంది ఏమిటంటే, పటం గీసి చూసుకుంటే కింద ఒక సామ్రాజ్యం ఉందన్న ఆనవాలు అందులో ఎక్కడా లేదు. కథానాయిక ఒక పాడుబడ్డ కోటలో నేలమాళిగ తలుపు తెరిచినప్పుడు మాత్రమే కింద మరో లోకం ఉన్నట్టు పాఠకుడికి తెలుస్తుంది. నాకు అది చాలదు. పొలం దున్నే రైతుకూ, సుంకం వసూలు చేసే అధికారికీ, పిల్లనిచ్చే ముందు ఆ ఊరి నీళ్ల సంగతి విచారించే తండ్రికీ ఆ శూన్యం రోజూ అడ్డు తగులుతూ ఉండాలి. నదులు ఎలా ప్రవర్తిస్తాయి, ఊళ్లు ఎక్కడ వెలుస్తాయి, ఆరు వందల ఏళ్లకు కింద ఎంత మిగులుతుంది అన్నవి తెలిసినవారు చెప్పగలరా? మాయలూ మంత్రాలూ కథలో ఉన్నాయి గాని, నేల మాత్రం మన నేలలాగే నడుచుకోవాలన్నది నా నియమం.

నాపరాయి:

పటం కంటే ముందు రాయి తేల్చుకోండి, మిగిలినవన్నీ దాన్నిబట్టే వస్తాయి. ఏడంతస్తులు చేత్తో తవ్వారంటే అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయి అయితే నమ్మదగినది. టర్కీలోని కప్పడోకియాలో డెరిన్‌కుయు భూగర్భ నగరం అలాంటి రాతిలోనే సుమారు 85 మీటర్ల లోతుకు దిగింది. తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే గుణం ఆ రాయికి ఉంది. దారిని మూసుకోవడానికి వాళ్లు దొర్లించుకున్న గుండ్రని రాతి తలుపులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 1963లో ఒక ఇంటి మరమ్మతులో గోడ పగలగొడితే తప్ప అంత నగరం కింద ఉందని ఆధునిక లోకానికి తెలియలేదంటే, పైన ఆనవాలు లేకపోవడం కూడా అసహజమేమీ కాదు. మన బెలుం గుహలదీ అదే తీరు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో చదునైన పొలాల అడుగున కొలిచినంత మేరకే 3,229 మీటర్ల గుహ ఉన్నా, నేల మీద నిలబడి చూసేవాడికి కనిపించేవి బావుల్లాంటి మూడు గుంటలే.

అయితే మీకు నదులు ముఖ్యం గనుక బూడిద రాయి కంటే సున్నపురాయి ఎక్కువ ఉపయోగపడుతుంది. పీఠభూమి పై పొర సున్నపురాయి, దాని మధ్య తవ్వకానికి అనువైన మెత్తని పొరలు అనుకోండి. అప్పుడు వాన నీరు వాగులుగా పారదు, పగుళ్లలోంచి నేరుగా లోపలికి ఇంకిపోతుంది. పైన ఎర్రమట్టి, పొడి నేల, దూరదూరంగా ఊళ్లు ఉంటాయి. స్లొవేనియాలో ఒక నది ష్కోత్సియన్ గుహల దగ్గర నేలలోకి దూరి, సుమారు 40 కిలోమీటర్ల అవతల ఇటలీ తీరాన టిమావో అనే పేరుతో పైకి వస్తుంది. మునకలేరును కూడా పటం మీద ఒకే గీతగా గీయకండి. ఎగువన ఒక నది, మధ్యలో ఏమీ లేని మూడు రోజుల నడక, దిగువన మరో పేరుతో మరో నది ఉండనివ్వండి. ఆ రెండూ ఒకటేనని కొందరు నమ్మాలి, కొందరు నమ్మకూడదు. ఎగువవాళ్లు అద్దకం రంగులు నీటిలో కలిపితే దిగువన ఎన్ని రోజులకు రంగు నీళ్లు వస్తాయన్నది రాజ్యాల మధ్య తగవు అవుతుంది.

స్లొవేనియాలోనే ఉన్న త్సెర్క్‌నిత్సా సరస్సు గురించి కూడా చదవండి. వానాకాలంలో అది చదరపు కిలోమీటర్ల కొద్దీ నీరు, వేసవిలో అడుగునున్న రంధ్రాల గుండా నీరంతా జారిపోయి పచ్చికబయలు. అక్కడివారు ఒక కాలంలో చేపలు పట్టి, మరో కాలంలో అదే చోట గడ్డి కోసుకునేవారు. మీ సుంకాధికారి ఆ నేల మీద చేపల పన్ను వెయ్యాలా, గడ్డి పన్ను వెయ్యాలా, లేక రెండూ వెయ్యాలా? రెండూ వేస్తాడని నా అనుమానం.

బొగ్గుబావి:

నాపరాయి గారు నీటి సంగతి చెప్పారు గనుక నేను రాతి లెక్క చెబుతాను. బొగ్గు గనుల్లో పనిచేసిన కుటుంబం మాది. పాతాళ నగరాల గురించి రాసేవారు దాదాపు అందరూ మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: తవ్విన రాయి ఎక్కడ పోశారు? మీ పది లక్షల మందికి ఇళ్లు, గిడ్డంగులు, దారులు అన్నీ కలిపి తలకు వంద ఘనపు మీటర్ల చోటు అనుకున్నా, పది కోట్ల ఘనపు మీటర్లు తవ్వాలి. పగలగొట్టిన రాయి సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది గనుక పైకి వచ్చేది పదిహేను కోట్లు. దాన్ని సగటున 30 మీటర్ల ఎత్తున పోస్తే ఐదు చదరపు కిలోమీటర్ల గుట్టలు తయారవుతాయి. నలభై నగరాలకు పంచితే ఒక్కో నగరం పక్కన మూడున్నర వందల మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న గుట్ట ఒకటి లేస్తుంది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినా, ఖనిజం నూరి బంగారం తీయగా మిగిలిన సయనైడు మట్టి దిబ్బలు ఆ ఊరి అంచున నేటికీ కొండల్లా నిలిచే ఉన్నాయి. గాలికాలంలో ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది.

మీ పటానికి కావలసిన ఆనవాళ్లు ఇవే. చుట్టూ ఎర్రనేల ఉంటే మధ్యలో బూడిద రంగు గుట్ట, దాని మీద ఊట ఉండదు, చెట్టు సరిగా ఎదగదు, రాళ్లు కోణాలుగా ఉంటాయి. పశువులతో వచ్చిన కొత్తవారు ఎత్తు ఉంది కదా అని దాని మీదే కోట కడతారు. పాతవారి వారసులు మాత్రం గుట్ట కనిపిస్తే పక్కనే ఎక్కడో సొరంగం నోరు ఉంటుందని తెలిసి దూరంగా ఊరు కట్టుకుంటారు. రెండు జాతుల చరిత్రా ఊళ్లు ఎక్కడున్నాయో చూస్తేనే తెలిసిపోవాలి.

ఇక నేల కుంగడం గురించి. కప్పు కూలితే ఖాళీ మాయమైపోదు, పైకి జరుగుతుంది. రాలిన రాయి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక కొంత ఎత్తుకు వెళ్లేసరికి ఆ ఖాళీ రాళ్లతో నిండి ఆగిపోతుంది. రాయిని బట్టి ఇది ఖాళీ ఎత్తుకు మూడు నుంచి పది రెట్ల దాకా ఉంటుంది. అంటే మూడు మీటర్ల ఎత్తున్న సొరంగం వంద మీటర్ల లోతులో కూలితే పైన మీ రైతుకు ఏమీ తెలియదు. అదే సొరంగం పదిహేను మీటర్ల లోతులో ఉంటే పొలంలో వరసగా గుంటలు పడతాయి, ఆ వరస చూసి కింది దారి ఎటు పోతుందో చెప్పవచ్చు. ముప్ఫై మీటర్ల ఎత్తున్న సభామండపం అయితే వంద మీటర్ల లోతు నుంచి కూడా పైకి వచ్చి, ఊరంత గొయ్యి అవుతుంది. కాబట్టి ఏడంతస్తుల్లో పటం మీద కనిపించేవి మొదటి అంతస్తూ, పెద్ద మండపాలూ మాత్రమే. అడుగు అంతస్తులు పైవారికి పుకార్లుగానే మిగలాలి.

సింగరేణిలో బొగ్గు తీసిన ఖాళీల్లోకి నీటితో పాటు గోదావరి ఇసుకను పంపి నింపే పద్ధతి ఉండేది, పైన నేల కుంగకుండా ఉండటానికి. బిలసీమవారు పెద్ద నగరాల కింద అలా నింపి ఉంటే ఆ భాగం నేటికీ గట్టిగా ఉంటుంది. రాజధానిని ఆ ముక్క మీద పెట్టండి. పారిస్‌లో 1774లో పాత రాతి గనులు కూలి వీధి కుంగిపోయాక, 1777లో గనుల తనిఖీకి ప్రత్యేక విభాగం పెట్టి, కింద గోడలు కట్టుకుంటూ పోయారు. పైన ఏ వీధి ఉందో కింది గోడ మీద ఆ పేరే చెక్కారు. మీదినాట్లో దానికి తిరగేసిన ఆచారం ఉండవచ్చు: పొలం గట్టున పాతిన రాయి మీద కింది వీధి పేరు, ఆ లిపి చదవగలిగేవారు నలుగురైదుగురే.

ఏతాము:

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను గాని, భూకంపం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. నేల కదిలినప్పుడు కుదుపు సాధారణంగా ఉపరితలం మీదే ఎక్కువ, లోతున తక్కువ. భూకంపంలో మీదివారి మిద్దెలు పడి, కిందివారు క్షేమంగా ఉండే అవకాశమే ఎక్కువ. పాతాళ రాజ్యానికి అసలు శత్రువు నీరు. అది కూలిన తీరునుబట్టే పైన భూగోళం మారుతుంది గనుక ఈ మార్పు చిన్నది కాదు.

1980 నవంబరు 20న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పెన్యూర్ సరస్సులో చమురు కోసం వేసిన బోరు, సరస్సు కింద ఉన్న ఉప్పు గనిలోకి దూసుకుపోయింది. లోపలికి పోయిన నీరు ఉప్పును కరిగించుకుంటూ రంధ్రాన్ని పెంచింది, కొన్ని గంటల్లో సరస్సు మొత్తం గనిలోకి దిగిపోయింది, పడవలూ, ఒడ్డున ఉన్న నేలా, బోరు వేస్తున్న వేదికా దానితోపాటే పోయాయి. సరస్సు నుంచి సముద్రానికి వెళ్లే కాలువ వెనక్కి తిరిగి సముద్రపు నీటిని లోపలికి తెచ్చింది. పది అడుగుల లోతున్న మంచినీటి సరస్సు చివరికి లోతైన ఉప్పునీటి సరస్సు అయింది. గనిలోని కార్మికులందరూ బయటపడ్డారు. బిలసీమ తూర్పు భాగం ఉప్పు పొరల్లో ఉందనుకుంటే, దాని పతనానికీ, మీదినాట్లో నడిమధ్యన ఒక ఉప్పు సరస్సు ఎందుకుందో చెప్పడానికీ ఈ ఒక్క కారణం సరిపోతుంది.

మిగిలిన భాగం నెమ్మదిగా మునగాలి. నీరు తోడే యంత్రాలు ఆగిన నాటి నుంచి అడుగు అంతస్తులు నిండుతూ వస్తాయి. నిండిన ఖాళీకి నీటి ఒత్తిడే కొంత ఆసరా, ఆ నీటిని తోడేసినప్పుడే ప్రమాదం. 2010 జనవరిలో ఫ్లోరిడాలోని ప్లాంట్ సిటీ పరిసరాల్లో స్ట్రాబెర్రీ రైతులు పంటను మంచు నుంచి కాపాడుకోవడానికి రాత్రంతా బోర్లు నడిపితే, నీటిమట్టం పడిపోయి నూరుకు పైగా గోతులు పడ్డాయి. కాబట్టి మీ కథలో నేల కుంగే కాలం వానాకాలం ఒక్కటే కాదు, కరవు కూడా. పొరుగువాడు బావి ఎక్కువగా తోడితే నా ఇల్లు కుంగుతుంది అన్న భయం ఆ దేశపు నీటి చట్టాలన్నిటికీ మూలం కావాలి.

గాలి గురించి కూడా ఒక మాట. అన్ని నగరాలకూ గాలి బావులు తప్పవు. బీదరు దగ్గర బహమనీల కాలపు సొరంగ కాలువ ఉంది, నేల మీద వరసగా ఉన్న దాని నిలువు బావులను చూసుకుంటూ నడిస్తే కింది నీటి దారి కళ్లకు కడుతుంది. మీ రహదారులు ఆ వరసలను అనుసరించి ఉండాలి, ఎందుకంటే ఎడారి లాంటి ఎర్రనేలలో నీళ్లు దొరికేది ఆ బావుల్లోనే. రెండు నోళ్లున్న గుహలో చలికాలంలో వెచ్చని గాలి ఎగువ నోటి నుంచి పైకి వస్తుంది, ఎండాకాలంలో చల్లని గాలి దిగువ నోటి నుంచి వెలువడుతుంది. ఎగువ నోరు ఉన్న ఊరికి ఊపిరికొండ అని పేరు పెట్టి, శీతాకాలపు మేకల సంత అక్కడ జరిపించండి. వేసవి సంత దిగువ నోటి దగ్గర.

రేగడినేల:

ముగ్గురికీ ధన్యవాదాలు. భూకంపం తీసేస్తున్నాను, ఉప్పు సరస్సు ఉంచుతున్నాను. గుమ్మిపాడును నది ఒడ్డు నుంచి తీసి ఇసుకతో నింపిన నేల మీదికి మార్చాను. దాంతో రాజధానికి నీళ్లు ఎలా అన్న కొత్త చిక్కు వచ్చింది, అది కథకు మంచిదే అనిపిస్తోంది. ఒక సందేహం మిగిలింది. రైతు పొలంలో గొయ్యి పడి, అందులో పాత గిడ్డంగి బయటపడితే అది ఎవరిది? రైతుదా, రాజుదా, పాతవారి వారసులదా?

బొగ్గుబావి:

మన దగ్గర కూడా ఇది సులువుగా తేలిన విషయం కాదు. 2013లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో, చట్టం ద్వారా తీసుకుంటే తప్ప అడుగు ఖనిజం మీద హక్కు మామూలుగా భూమి యజమానికే ఉంటుందని చెప్పింది. భూమిలో దొరికిన నిధులకు మాత్రం 1878 నాటి నిధుల చట్టం వేరే ఉంది. పది రూపాయలకు మించిన విలువ గలది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. మీదినాట్లో మూడు వర్గాలకూ మూడు రకాల చట్టాలు పెట్టి, గొయ్యి సరిగ్గా రెండు పొలాల గట్టు మీద పడేలా చూడండి. గట్టు రాయి కూడా గోతిలోకే పోతుంది గనుక, ఏ పొలం ఎంతవరకో చూపడానికి ఆధారం మిగలదు. అప్పుడు రైతులిద్దరూ కింది వీధి పేరు చదవగలిగే ఆ నలుగురైదుగురిలో ఒకరిని వెతుక్కుంటూ వెళ్లక తప్పదు.