నన్నానుకో? నన్ననుకో?

అరసున్న: బ్రిటిష్ బ్యాండ్ రెడ్‌స్కిన్స్ పాట 'లీన్ ఆన్ మీ!' (నా మీద ఆనుకో అని) విన్నవాళ్లు ఇక్కడ కొందరైనా ఉంటారు. 1983 సింగిల్ రికార్డు, వెనకవైపు పాట 'యూనియనైజ్!'. కాలేజీలో మా సీనియర్ ఒకాయన దానికి తెలుగు పల్లవి కట్టి, బల్ల మీద దరువేస్తూ పాడేవారు. మొదటి మాట 'నన్నానుకో'నా, 'నన్ననుకో'నా? ఆ ఒక్క దీర్ఘం దగ్గరే జ్ఞాపకం జారిపోతోంది. వారం నుంచి నిద్ర పట్టడం లేదు.

కచటతప: అనుమానమెందుకండీ, 'ఆనుకో'నే. ఆ 'ఆన్' అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. మూడు దెబ్బలకి మూడక్షరాలు.

క్రారవడి: విభక్తి చూడండి. 'ఊరిని ఆనుకుని చెరువు' అంటే పక్కనే ఉందని. బరువు మోపితే 'గోడకి ఆనుకుని' అంటాం. లెక్కప్రకారం 'నాకానుకో' కావాలి. పాడితే 'నా కానుక' అని వినపడుతుంది, అందుకే ఆయన మార్చి ఉంటారు.

పాతటేపు: 'గోడను ఆనుకుని' అని మా ఇంట్లో అందరూ అంటారు. నా ఓటు మాత్రం 'నన్ననుకో'కే. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి అది నేనే అనుకో అని. ఆ బ్యాండ్ మనసంతా అదే.

కచటతప: అలాగైతే 'నేననుకో' అవ్వాలి. 'నన్ననుకో' అంటే మనసులో నన్ను తిట్టుకోమని.

పాతటేపు: తలుచుకోమని కూడా. సరే, ఒకటి చెప్తాను. 1984లో బ్రిటన్ గనికార్మికుల సమ్మె నడుస్తుండగా 'ద ట్యూబ్' టీవీ కార్యక్రమంలో వీళ్లు పాడుతూ, సమ్మెలో ఉన్న డర్హమ్ కార్మికుణ్ణి వేదిక మీదికి పిలిచారు. ఆయన మాట్లాడబోతే మైకు పలకలేదు. నోరు కదులుతోంది, మాట లేదు. ఆ తర్వాతి ఏడాది వీళ్ల 'బ్రింగ్ ఇట్ డౌన్' బ్రిటన్ పాటల చార్టులో 33వ స్థానం దాకా వెళ్లింది కాబట్టి దాన్ని తలుచుకునేవాళ్లున్నారు. 'లీన్ ఆన్ మీ!'ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. నాకైతే వాళ్ల పాటలన్నిట్లో అదే గొప్పది. ప్రేమపాటలా మొదలై యూనియన్ పాటైపోతుంది, అతుకు కనపడదు.

క్రారవడి: మైకు పలకని మనిషికి పక్కన నిలబడటం, అదే నేను చెప్పిన 'ఆనుకుని'! 'ను' విభక్తే నయమనిపిస్తోంది ఇప్పుడు.

అరసున్న: 'నా మీద ఒరుగు' అని ఉండే అవకాశముందా?

కచటతప: వద్దండీ. మన ఉద్యమపాటల్లో ఒరగడమంటే ప్రాణాలు పోవడమే. అసలు శ్రీశ్రీ ఎవర్నీ ఆనుకోమనడు, 'పదండి ముందుకు, పదండి త్రోసుకు' అంటాడు.

క్రారవడి: ఆ 'త్రో' నాకు ప్రాణం. 'పదండి ముందుకు' ఎనిమిది మాత్రలు. రెండోదీ ఎనిమిదే రావాలంటే క్రారవడిని, అంటే 'త' కిందున్న ర-వత్తుని, తేల్చి పలకాలి, లేకపోతే ముందున్న 'డి' గురువై, అంటే రెండు మాత్రలై, తొమ్మిదవుతుంది.

కచటతప: అయితే 'తోసుకు' అంటే పోలేదా?

క్రారవడి: పోతుంది! అడుగు నేలను రాసుకునే చప్పుడు పోతుంది. 'కదం త్రొక్కుతూ' అన్నచోట కూడా అదే చప్పుడు. 'తొక్కుతూ' అని పాడి చూడండి, చెప్పులేసుకుని నడిచినట్టుంటుంది.

పాతటేపు: త్రోసేది అడ్డాన్నా, పక్కవాణ్ణా?

కచటతప: గుంపులో అందరూ ఒకరినొకరు తోసుకుంటూ కదలడం. అదీ ఒక రకంగా ఆనుకోవడమే.

అరసున్న: ఒకటి గుర్తొచ్చింది. ఆయన వేలికి ఇత్తడి ఉంగరం ఉండేది. ఆ మొదటి మాటలోనే ఒకచోట అది బల్లకి తగిలి టక్కుమనేది.

క్రారవడి: రెండో అక్షరం మీదా, 'కో' మీదా?

అరసున్న: ఆగండి, బల్ల దగ్గర కూర్చుని పాడి చూస్తాను.