గుంటలో పడ్డాక స్టీరింగ్ కుడికి తిరిగి ఉంటోంది, అలైన్‌మెంట్ చేయిస్తే చాలా?

రాజాం_స్విఫ్ట్:
అందరికీ నమస్కారం. కారు 2018 స్విఫ్ట్ పెట్రోల్, స్టీల్ రిమ్ములు, 165/80 ఆర్14 టైర్లు. చిలకపాలెం–రాజాం రోడ్డులో వాననీళ్లు నిండిన గుంటలో ముందు ఎడమ చక్రం గట్టిగా పడింది. స్పీడు 50 దాకా ఉంటుంది. ఇప్పుడు బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ ఐదారు డిగ్రీలు కుడికి తిరిగి ఉంటోంది. 80 దాటితే వణుకు. స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కించినా ఎడమ పక్క 'టక్' అంటోంది. చేతులు వదిలితే మాత్రం ఎటూ లాగడం లేదు. ఇక్కడి షాపులో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సర్దడం), బ్యాలెన్సింగ్ చేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

పాత_పానా:
ఇప్పుడే అలైన్‌మెంట్ చేయించకండి బాబూ. వంగినది వంగినట్టే ఉంచి టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) తిప్పేస్తే మెషీన్ మీద టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన కోణం) అంకె పచ్చగా మారుతుంది, స్టీరింగూ తిన్నగా వస్తుంది. వంగిన రాడ్డు మాత్రం అక్కడే ఉంటుంది. రేపు రోడ్డు మీద విరిగేది అదే.

ముందు టైరు చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సైడ్‌వాల్ బయటా లోపలా చేత్తో తడమండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే లోపల దారాలు తెగాయన్నమాట. దానికి రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే, ఆ టైరుతో హైవే ఎక్కొద్దు. రిమ్ము సాధారణంగా లోపలి అంచు దగ్గరే వంగుతుంది. బయట నుంచి చూస్తే కనబడదు, క్యాపు తీసి చూసినా తెలీదు. చక్రం విప్పి బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఊరికే తిప్పించండి. రిమ్ము అంచు పక్కన స్క్రూడ్రైవర్ ఆనీ ఆనకుండా పట్టుకుంటే ఎగుడుదిగుడు ఇట్టే తెలుస్తుంది. మీ వణుకు చాలావరకు ఇక్కడిదే. వంగిన రిమ్ముకి బరువులు ఎన్ని అతికించినా లాభం లేదు. స్టీల్ రిమ్ము కాబట్టి సరిచేయొచ్చు. అదే అల్లాయ్ అయి, పగులు కనబడి ఉంటే పారేయమనేవాణ్ణి.

తర్వాత జాకీ. వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు ఎడమ పక్క ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకండి, స్టాండు పెట్టండి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. కదులుతుంటే బాల్ జాయింటో (కింది ఆర్మ్‌కి, చక్రం వైపుకి మధ్య ఉండే గుండ్రటి కీలు), వీల్ బేరింగో. ఎవరినైనా బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. కదలిక పోతే బేరింగ్, ఇంకా ఉంటే బాల్ జాయింట్. ఇప్పుడు రెండు పక్కలా పట్టుకుని ఊపండి. అలా కదిలితే టై రాడ్ ఎండ్ గానీ, బెల్లోస్ (ముడతల రబ్బరు తొడుగు) లోపలుండే ర్యాక్ ఎండ్ గానీ.

టై రాడ్ వంగిందో లేదో తేల్చడానికి మెషీన్ అక్కర్లేదు. లాక్ నట్టు దగ్గర బయటికి కనబడే థ్రెడ్లు రెండు వైపులా లెక్కపెట్టండి. తేడా ఎక్కువగా ఉంటే ఎవరో తిప్పి సర్దారన్నమాట. తర్వాత రాడ్డు పక్కన స్టీల్ స్కేలు ఆనించి, కింద టార్చి వేయండి. సందులోంచి వెలుగు కనిపిస్తే వంగినట్టే. దాన్ని వేడిచేసి తిన్నగా కొడతామంటే ఒప్పుకోకండి, ఉక్కు బలం పోతుంది.

టక్ శబ్దానికి మొదటి అనుమానం స్టెబిలైజర్ లింక్ (బండి ఒరగకుండా ఆపే కడ్డీని స్ట్రట్‌కి కలిపే చిన్న లింకు) మీద, తర్వాత లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే ఆర్మ్) వెనక రబ్బరు బుష్, ఆ తర్వాత స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన స్తంభం) మౌంట్. చక్రాలు నేల మీద ఉండగానే లింకు చేత్తో పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది. బుష్‌ని రాడ్డుతో కొంచెం ఎత్తి చూడండి, రబ్బరు చిరిగితే నోరు తెరుస్తుంది.

సాలూరు_ఘాట్:
అన్నా, చేతులు వదిలితే లాగడం లేదంటున్నారు కదా, అంటే ఇక్కడ టో తేడా ఒక్కటేనా?

పాత_పానా:
అదే చెప్పలేం తమ్ముడూ. మన రోడ్లకి నీళ్లు పోవడానికి ఎడమకి వాలు ఉంటుంది, మంచి బండి కూడా మెల్లగా ఎడమకే జారుతుంది. ఎడమ క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం) నెగటివ్ వైపు, అంటే చక్రం పైభాగం లోపలికి పోయిందనుకో, బండి కుడికి లాగుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే 'లాగడం లేదు' అనిపిస్తుంది. చదునైన ఖాళీ చోట చూస్తే గానీ తేలదు. ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడడం కూడా మంచిదే (బాణం గుర్తు ఉన్న టైర్లు కాకపోతే). లాగుడు వైపు మారితే తప్పు టైరుది.

రాజాం_స్విఫ్ట్:
చాలా థ్యాంక్సండి. టైరు ఉబ్బలేదు. రిమ్ము లోపలి అంచు వంగింది. లింకులో లూజు ఉంది. విజయనగరంలో ఏదీ తిప్పకుండా రీడింగ్ మాత్రం తీయించాను:
టో (− అంటే బయటికి, + అంటే లోపలికి): ఎడమ −0°35′, కుడి +0°02′
క్యాంబర్: ఎడమ −1°15′, కుడి −0°20′
క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం): రెండూ దాదాపు సమానం
ఎస్‌ఏఐ (అదే ఇరుసు లోపలికి వాలిన కోణం): ఎడమ 12°20′, కుడి 12°25′

గీత_తప్పని_చక్రం:
రీడింగ్ తీయించి మంచి పని చేశారు, అందులోనూ ఎస్‌ఏఐ. స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పించి కొలిస్తేనే అది వస్తుంది, చాలా చోట్ల ఆ శ్రమ తీసుకోరు.

లెక్క చూద్దాం. రెండు టోల మధ్య తేడా 37 నిమిషాలు (డిగ్రీకి 60 నిమిషాలు). బండి తిన్నగా పోవాలంటే రెండు చక్రాలూ దాన్ని సమంగా పంచుకుంటాయి, అంటే 18.5. స్టీరింగ్ నిష్పత్తి సుమారు 16కి 1 అనుకుంటే 296 నిమిషాలు, దగ్గర దగ్గర 5 డిగ్రీలు. మీరు చూసిందీ అంతే. కాబట్టి స్టీరింగ్ వంకరకి కారణం టోలోనే ఉంది, స్టీరింగ్ చక్రం విప్పి ఒక పన్ను జరిపి బిగిస్తామనే వాళ్ల జోలికి పోకండి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ అక్కడే ఉంటుంది, పైగా అసలు జబ్బు దాగిపోతుంది.

ఇప్పుడు క్యాంబర్. ఎస్‌ఏఐకి క్యాంబర్ కలిపితే కుడి 12°05′, ఎడమ 11°05′. ఎస్‌ఏఐలు సమానంగా ఉండి ఈ మొత్తం మాత్రం ఒక డిగ్రీ తగ్గిందంటే, వంగింది స్ట్రట్ గానీ నకిల్ (చక్రం హబ్‌ని పట్టుకునే భాగం) గానీ. లోయర్ ఆర్మో, సబ్‌ఫ్రేమో (ఆ ఆర్మ్ బిగించే కింది చట్రం) జరిగి ఉంటే ఎస్‌ఏఐ మారేది, మొత్తం సమానంగా ఉండేది. క్యాస్టర్ బాగానే ఉంది కాబట్టి ఆర్మ్ వెనక్కి తోసుకుపోలేదు. టేపుతో రెండు పక్కలా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలిచినా తెలుస్తుంది, 2450 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి.

స్ట్రటా, నకిలా? పైన నట్టు కొంచెం వదులు చేసి (పూర్తిగా విప్పకండి, స్ప్రింగ్ ఎగురుతుంది) స్ట్రట్ రాడ్డుని మెల్లగా తిప్పించండి. తిప్పేకొద్దీ చక్రం పైభాగం లోపలికీ బయటికీ కదిలితే రాడ్డు వంగింది. కదలకపోతే స్ట్రట్ గొట్టం, తర్వాత నకిల్ చూడాలి. ఆయిలు కారకపోయినా వంగిన స్ట్రట్ పనికిరాదు. మార్చేటప్పుడు ముందు రెండూ మార్చండి, ఒకటే కొత్తదైతే రెండు పక్కలా దెబ్బ తట్టుకునే తీరు తేడాగా ఉంటుంది. ఈ కారులో ఫ్యాక్టరీ నుంచి సర్దడానికి ఉన్నది టో ఒక్కటే, క్యాంబర్ సర్దుబాటు లేదు. అందుకే షాపులో 'క్యాంబర్ అంతే వస్తుంది' అంటారు.

సాలూరు_ఘాట్:
ఇన్సూరెన్స్ వస్తుందా?

గీత_తప్పని_చక్రం:
పాలసీలో ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కవర్) ఉంటే వస్తుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. భాగాలు విప్పకముందే కంపెనీకి తెలపాలి, సర్వేయర్ చూశాకే విప్పాలి. టైరు ఒక్కటే పోతే ఇవ్వరు, బండి కూడా దెబ్బతింటే టైరుకి సగం దాకా ఇస్తారు. చిన్న మొత్తమైతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయేది ఎంతో లెక్కేసుకుని అప్పుడు అడగండి.

పాత_పానా:
ఒక్క మాట, ఏ షాపులోనైనా అడగాల్సింది. లోయర్ ఆర్మ్ విప్పితే దాని బుష్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే దింపగానే రబ్బరు మెలితిరుగుతుంది, కొత్త బుష్ త్వరగానే చిరిగిపోతుంది. టై రాడ్ ఎండ్‌కి పిన్ను ఉంటే పాతది మళ్లీ వాడనివ్వకండి. వరస ఇలా పెట్టుకోండి: రిమ్ము, లింకు, స్ట్రట్లు, అవసరమైతే టై రాడ్. ఆ తర్వాత బ్యాలెన్సింగ్, చివర్న అలైన్‌మెంట్. అలైన్‌మెంట్ అయ్యాక కూడా ఎడమ, కుడి క్యాంబర్ మధ్య అర డిగ్రీ మించి తేడా ఉంటే డబ్బులివ్వకముందే నకిల్ చూడమనండి.