మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ చాలదా? ఎలక్ట్రానిక్ పెట్టాల్సిందేనా?

కొత్తటర్బో: 1.8 లీటర్ పెట్రోల్ టర్బో, ఇంటర్నల్ వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బైన్ పక్కనుంచి మళ్లించి బూస్ట్‌ని, అంటే టర్బో నెట్టే అదనపు గాలి ప్రెషర్‌ని, అదుపు చేసే ఫ్లాప్), దాన్ని తెరిచే యాక్చువేటర్ స్ప్రింగ్ 0.5 బార్. బాల్-స్ప్రింగ్ రకం మాన్యువల్ కంట్రోలర్‌తో 0.9 బార్‌కి సెట్ చేశాను. నాలుగో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ ఇస్తే 3200 ఆర్‌పీఎం దగ్గర గేజ్ ముల్లు 1.15కి ఎగిరి, మళ్లీ 0.9కి దిగుతోంది. 6500 వచ్చేసరికి 0.72. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లాగ్‌లో మాత్రం స్పైక్ కనిపించడం లేదు, 1.0 దగ్గర గీత కాసేపు బల్లపరుపుగా సాగి దిగుతోంది. సిగ్నల్ గొట్టం ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి తీశాను, దాదాపు మీటరు పొడవు. ఎలక్ట్రానిక్ పెడితే స్పైక్ పోతుందా?

డ్యూటీసైకిల్: పోతుంది. మాన్యువల్‌లో బంతి 0.9 దాకా సిగ్నల్‌ని పూర్తిగా ఆపేస్తుంది. అది లేచాకే యాక్చువేటర్‌లోకి గాలి వెళ్లాలి, డయాఫ్రం కదలాలి, ఫ్లాప్ తెరుచుకోవాలి. ఈలోపు టర్బైన్ వేగం ఆగదు కదా, అదే మీ 1.15. మూడు పోర్టుల సోలెనాయిడ్ అయితే సెకనుకు ఇరవై ముప్ఫై సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ, సిగ్నల్‌లో ఎంత భాగం యాక్చువేటర్‌కి పోవాలో, ఎంత బయటికి వదలాలో డ్యూటీ (సిగ్నల్‌ని బయటికి వదిలే సమయపు వాటా) శాతంతో తేలుస్తుంది. టార్గెట్‌కి ముందే డ్యూటీ తగ్గించి గేట్‌ని కాస్త తెరిపించవచ్చు. మాన్యువల్‌కి ముందుచూపు అనేది లేదు.

పాతపిస్టన్: కంట్రోలర్ మార్చే ముందు గొట్టం మార్చండి. మీటరు గొట్టం, అదీ మానిఫోల్డ్ నుంచి! ఇంటర్‌కూలర్, పైపింగ్, థ్రాటిల్ బాడీ అన్నీ నిండాక గాని సిగ్నల్ రాదు. కంప్రెసర్ హౌసింగ్ నుంచి తీసి, 4 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గట్టి గొట్టం వీలైనంత పొట్టిగా వేసి, రెండు కొసలా క్లిప్పులు బిగించండి. సగం స్పైక్ అక్కడే పోతుంది.

డ్యూటీసైకిల్: కంప్రెసర్ దగ్గర తీస్తే ఇంటర్‌కూలర్‌లో పడిపోయే ప్రెషర్ లెక్కలోకి రాదు. కంప్రెసర్ దగ్గర 0.9 ఉంటే మానిఫోల్డ్‌లో 0.8 ఉండొచ్చు.

పాతపిస్టన్: అయితే స్క్రూ ఇంకో పావు తిప్పుకుంటారు! గేజ్ మానిఫోల్డ్‌కి, సిగ్నల్ కంప్రెసర్ నుంచి. ఎలక్ట్రానిక్ కిట్‌లోనూ గొట్టాలు వేసేది ఇలాగేగా: సోలెనాయిడ్‌కి కంప్రెసర్ నుంచి, సెన్సర్‌కి మానిఫోల్డ్ నుంచి.

నాక్‌నాక్: కంట్రోలర్‌కీ యాక్చువేటర్‌కీ మధ్య చిన్న రంధ్రం ఉందా, లేదా? 1 మి.మీ. లోపు ఉండాలి.

కొత్తటర్బో: కంట్రోలర్ బాడీకే ఉంది. దుమ్ముతో మూసుకుపోతే?

పాతపిస్టన్: బంతి మూసుకున్నాక యాక్చువేటర్‌లో చిక్కిన గాలికి దారి ఉండదు, గేట్ తెరిచే ఉంటుంది. గేర్ మార్చాక బూస్ట్ ఆలస్యంగా వస్తుంది. స్పైక్‌కి దానికీ సంబంధం లేదు. మరీ పెద్ద రంధ్రమైతే సిగ్నల్ లీకై బూస్ట్ పెరిగిపోతుంది.

డ్యూటీసైకిల్: 6500 దగ్గర 0.72కి పడిపోవడం గురించి పాతపిస్టన్ గారు మాట్లాడరేం? గొట్టం పొట్టిగా ఉంటే అది కూడా నయమవుతుందా? పై ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్ ప్రెషర్ ఫ్లాప్‌ని లోపలి నుంచి నెడుతుంది. 0.5 స్ప్రింగ్ దానికి తట్టుకోలేదు. ఆర్‌పీఎంతో పాటు డ్యూటీ పెంచితే సిగ్నల్ తగ్గి గేట్ మూతపడుతుంది. స్క్రూకి ఆర్‌పీఎం ఎంతో ఎలా తెలుస్తుంది?

పాతపిస్టన్: సిగ్నల్ సున్నా చేసినా గేట్‌ని మూసి పట్టుకోవాల్సింది ఆ స్ప్రింగే. యాక్చువేటర్ రాడ్‌ని ఒకటి రెండు చుట్లు పొట్టి చేసి ప్రీలోడ్ పెంచొచ్చు, కాకపోతే 0.7 స్ప్రింగ్ వేసుకోవచ్చు. అప్పటికీ పడిపోతే కంప్రెసర్‌కే ఊపిరి చాలడం లేదని అర్థం. అక్కడ డ్యూటీ 90 పెట్టినా గాలి వేడెక్కడమే తప్ప ఫలితం ఉండదు. ఎంతసేపూ స్క్రీన్ మీద అంకెలేనా? ట్యూనర్లంతా ఇంతే, స్ప్రింగ్ ఎంత అని ఎవడూ అడగడు, డబ్బా అమ్మేస్తారు.

డ్యూటీసైకిల్: నేను డబ్బాలు అమ్మను. బంతి ఇరుక్కుంటే మీ కంట్రోలర్ ఏం చేస్తుంది? సిగ్నల్ ఆగిపోతుంది, బూస్ట్‌కి హద్దుండదు. సోలెనాయిడ్‌కి కరెంటు పోతే సిగ్నల్ నేరుగా యాక్చువేటర్‌కి వెళ్లి స్ప్రింగ్ ప్రెషర్‌కి దిగుతుంది.

పాతపిస్టన్: పోర్టులు సరిగ్గా కలిపితే! తలకిందులుగా కలిపితే కరెంటు పోయిన క్షణం యాక్చువేటర్‌కి అందేది బయటి గాలే. సరే, అది వదిలేద్దాం. సోలెనాయిడ్‌కి వచ్చే గొట్టం ఊడిపోతే?

డ్యూటీసైకిల్: ఓవర్‌బూస్ట్ చూసి డ్యూటీ సున్నా చేస్తుంది.

పాతపిస్టన్: డ్యూటీ సున్నా చేస్తే సోలెనాయిడ్ దేన్ని పంపుతుంది? ఊడిన గొట్టంలో గాలి ఏది? స్క్రూ అయినా సోలెనాయిడ్ అయినా గొట్టం ఊడితే ఇంజిన్ గతి ఒకటే. కాపాడితే ఈసీయూ ఫ్యూయల్ కట్ (ప్రెషర్ హద్దు దాటితే పెట్రోల్ ఆపేయడం) కాపాడాలి, కంట్రోలర్ కాదు.

డ్యూటీసైకిల్: ఇప్పుడొచ్చారు అసలు సంగతికి. నా గొడవంతా అదే. ఫ్యూయల్ కట్ ఎక్కడ పెట్టారో, ఈసీయూలోని పెట్రోల్, టైమింగ్ పట్టిక ఏ ప్రెషర్ దాకా నింపారో చూడకుండా స్క్రూ తిప్పుకోండని జనానికి చెప్తారు మీరు. 0.5కి చేసిన ఇగ్నిషన్ టైమింగ్ 0.9 దగ్గర నాక్ (సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే పేలడం) తెస్తుంది.

పాతపిస్టన్: నేనేమీ ట్యూన్ వద్దనలేదు. కంట్రోలర్‌ని కాపలాదారు చేయొద్దన్నాను.

తుప్పుబోల్టు: అయ్యా, మొదటి పోస్ట్ ఎవరైనా చదివారా? గేజ్ 1.15 చూపిస్తే లాగ్ 1.0 దగ్గర బల్లపరుపు. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) ఎంతది?

కొత్తటర్బో: 2 బార్. కంపెనీది.

తుప్పుబోల్టు: 2 బార్ అంటే అబ్సొల్యూట్. అందులో బయటి గాలి ఒక బార్ తీసేస్తే మిగిలేది 1.0. ఆపైన ఏం జరిగినా ఈసీయూకి కనపడదు. 1.15 ఉన్నా 1.0కి సరిపడా పెట్రోలే పోస్తుంది. ఫ్యూయల్ కట్ 1.0 పైన పెట్టి ఉంటే అది ఎప్పటికీ పడదు.

నాక్‌నాక్: మంచి పాయింట్. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌లో ఆ క్షణం ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి) ఎంత?

కొత్తటర్బో: 11.6 నుంచి 12.7కి ఎగిరింది. ఇంతవరకు పట్టించుకోలేదు.

డ్యూటీసైకిల్: స్క్రూ పూర్తిగా వదులు చేసి స్ప్రింగ్ ప్రెషర్‌కి దించండి, ఇవాళే. 3 బార్ సెన్సర్ వేసుకోండి, కానీ ఈసీయూలో దాని స్కేలింగ్ మార్చకుండా ప్లగ్ పెట్టకండి. అదే ప్రెషర్‌కి దాని వోల్టేజ్ తక్కువ, ఈసీయూ బూస్ట్ తక్కువనుకుని ఇంకా లీన్ (పెట్రోల్ తక్కువ) చేస్తుంది. ఆ తర్వాత ఫ్యూయల్ కట్ 1.05కి పెట్టించండి.

పాతపిస్టన్: దీనికి మాత్రం ఒప్పుకుంటా. దించాక కంట్రోలర్‌ని పక్కకు తీసి, యాక్చువేటర్‌కి నేరుగా గొట్టం వేసి ఒక పుల్ (ఫుల్ థ్రాటిల్ పరుగు) చెయ్యండి. 0.5 దగ్గర నిలబడితే సరే. ఆర్‌పీఎంతో పాటు పెరుగుతూ పోతే అది క్రీప్, ఫ్లాప్ రంధ్రం చాలడం లేదన్నమాట. అప్పుడు ఏ కంట్రోలర్ పెట్టినా దండగే, పోర్టింగ్ (ఆ రంధ్రం పెద్దది చేయడం) చేయించుకోవాలి.

డ్యూటీసైకిల్: క్రీప్ లేకపోతే సోలెనాయిడ్. డ్యూటీ 0తో మొదలుపెట్టి ఐదేసి శాతం పెంచండి, ప్రతి పుల్ అదే గేర్‌లో.

పాతపిస్టన్: క్రీప్ లేకపోతే పొట్టి గొట్టం!

కొత్తటర్బో: కంప్రెసర్ హౌసింగ్‌కి నిపిల్ (గొట్టం తొడిగే ముక్కు) లేదు. డ్రిల్ చేసి థ్రెడ్ తీయొచ్చా?

పాతపిస్టన్: హౌసింగ్ ఊడదీసి బల్ల మీద పెట్టి చెయ్యండి, కారు మీద వద్దు. రజను ఇంటర్‌కూలర్ దాటితే నేరుగా సిలిండర్లలోకే. అంత ఓపిక లేకపోతే కంప్రెసర్ తర్వాతి మొదటి అల్యూమినియం పైపుకి నిపిల్ వెల్డ్ చేయించుకోండి.