‘తీసిపోదు’ అంటే ఎంత?

ప్రశ్న: హెచ్ఐవీ ఉన్న పెద్దవారి కోసం మందుల గురించి ఒక కరపత్రం రాస్తున్నాను. 2019లో ఫలితాలు వెలువడిన కామెరూన్ పరీక్షలో 613 మందికి టెనోఫోవిర్, లామివుడిన్‌లతో కలిపి కొందరికి డోల్యుటెగ్రవిర్, కొందరికి 400 మిల్లీగ్రాముల ఎఫావిరెంజ్ ఇచ్చారు. 48 వారాలకు వైరల్ లోడ్ (రక్తంలో ఉన్న వైరస్ లెక్క) మిల్లీలీటరుకు 50 కాపీల లోపుకు దిగినవారు మొదటి వర్గంలో 74.5 శాతం, రెండవదానిలో 69 శాతం. పరిశోధకులు డోల్యుటెగ్రవిర్‌ను ‘నాన్‌ఇన్‌ఫీరియర్’ అన్నారు. నేను ‘ఎఫావిరెంజ్‌కు తీసిపోదు’ అని రాసినప్పటి నుంచి ‘నానాటికి తీసికట్టు నాగం...’ అన్న సామెత వదలడం లేదు. చివర భొట్టా, భట్లా? ఆ తీసికట్టూ ఈ తీసిపోవడమూ ఒకటేనా?

మొదటి జవాబు: మా ఇంట్లో భొట్టు అనే విన్నాను. రెండింటిలోనూ తక్కువ కావడమే అర్థం. అయితే ‘అన్నకు తమ్ముడు తీసిపోడు’ అంటే సరిసాటి అనీ, ఒక్కోసారి మించినవాడనీ వినిపిస్తుంది. పరీక్షలోని మాటలో ఆ మెచ్చుకోలు లేదు. అక్కడ ఇంతకన్నా ఎక్కువ తగ్గితే తీసిపోయినట్లే అని 10 శాతం పాయింట్ల హద్దు ముందే గీసుకున్నారు. ఎఫావిరెంజ్‌తో పోలిస్తే డోల్యుటెగ్రవిర్ అసలు తేడా 1.6 పాయింట్లు తక్కువ నుంచి 12.7 పాయింట్లు ఎక్కువ వరకు ఎంతైనా కావచ్చని తేలింది కనుక, మెరుగని రుజువు కాలేదు. ‘పదికి మించి తీసిపోదు’ అనండి.

రెండవ జవాబు: భట్లు అన్నదే సరైన రూపమని నా నమ్మకం. చిక్కంతా ‘ఎఫావిరెంజ్‌కు’లోని ‘కు’ దగ్గరే ఉంది. ‘కు’ అన్నప్పుడు మందును మందుతో మొత్తంగా తూచినట్లవుతుంది, పరీక్ష తూచినది మాత్రం వైరల్ లోడ్ ఒక్కటే. బరువు చూస్తే డోల్యుటెగ్రవిర్ వర్గంలో మధ్యగతంగా (మీడియన్) 5 కిలోలు, ఎఫావిరెంజ్ వర్గంలో 3 కిలోలు పెరిగింది. ఉప్పూ కప్పురమూ చదువుకున్నవారం, ‘వైరల్ లోడ్ తగ్గించడంలో’ అని ముందు చేర్చకుండా ఎలా రాస్తాం?

మొదటి జవాబిచ్చినవారు: చేర్చవలసిందే. కానీ చికిత్స విఫలమైనవారు డోల్యుటెగ్రవిర్ వర్గంలో 3గురు, ఎఫావిరెంజ్ వర్గంలో 16 మంది. ఆ ముగ్గురిలోనూ డోల్యుటెగ్రవిర్‌కు లొంగని వైరస్ పుట్టలేదు. దీన్ని కూడా ‘తీసిపోదు’ అన్న మాట కిందే కప్పేస్తే రోగికి అన్యాయం చేసినట్లే.

ప్రశ్న అడిగినవారు: నిన్న చిత్తుప్రతి చదివిన ఒకావిడ ఆ వాక్యం మీద వేలు పెట్టి, ‘అయితే నా పాత మాత్రే చాలుతుందా?’ అని అడిగింది. ‘కు’ తీసేశాను, హద్దు చేర్చాను. ‘మించి’ అన్న మాట ఆవిడకు ఎలా వినిపిస్తుందో రేపు మళ్ళీ చదివించి చూస్తాను.

రెండవ జవాబిచ్చినవారు: ‘మించి’ కన్నా ‘దాటి’ తేలిక. భట్లు విషయంలో మాత్రం నా మాట మారదు.