‘జెనరస్ ఆఫర్’ అనొచ్చా? బేరంలో ఇంగ్లీషు మాటల గురించి

ప్రశ్న: సేల్స్‌లో ఉన్నానండి. కస్టమర్‌కి పంపే మెయిల్లో ‘దిస్ ఈజ్ ఎ వెరీ జెనరస్ ఆఫర్’ అని రాస్తే మా మేనేజర్ ‘జెనరస్’ కొట్టేశారు. అందులో తప్పేముంది? అంతకన్నా గట్టిగా ఒప్పించే మాట ఉంటే చెప్పండి.

జవాబు: మీ మేనేజర్ గారు మంచి పనే చేశారండి. ఉదారం అనే మాట పుచ్చుకున్నవాళ్ల నోట రావాలి. ‘మేం మీకు ఎంతో ఉదారంగా ఇస్తున్నాం’ అని ఎదుటిమనిషితో తెలుగులో అనడానికి మనకే నోరు రాదు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ బిడియం పోతుంది, పరాయి భాషలో మాట బరువు చేతికి తెలియదు కాబట్టి. ‘ఫెయిర్’, ‘రీజనబుల్’ కూడా ఇంతే. మా ధర ఫెయిర్ అన్నామంటే, మీరడిగేది అన్యాయం అని చెప్పకనే చెప్పినట్టు.

దీన్ని లెక్కగట్టి చూసినవాళ్లున్నారు. నీల్ రాకమ్, జాన్ కార్లైల్ బేరాల్లో ఆరితేరిన 48 మందిని 102 చర్చల్లో గమనించి 1978లో ఫలితాలు అచ్చువేశారు. ఇలాంటి మాటలకు వాళ్లు పెట్టిన పేరు ‘ఇరిటేటర్స్’. మామూలు వాళ్లు గంటకి 10.8 సార్లు వాడితే, ఆరితేరినవాళ్లు 2.3 సార్లే వాడారు. నాకు ఇంకా నచ్చిన లెక్క మరొకటుంది: ఒక వాదనకి మామూలు వాళ్లు సగటున 3 కారణాలు చెబితే, వీళ్లు చెప్పినవి 1.8. మూడు చెబితే అవతలివాళ్లు మూడింట్లో బలహీనమైనదాన్నే పట్టుకుంటారు. అందుకే గట్టి విశేషణం కోసం వెతక్కండి. ఉన్నవాటిలో గట్టి కారణం ఒక్కటి తీసి, దాన్ని మామూలు మాటల్లో పెట్టండి.

ఇక నా అనుభవం. ఒకసారి ఇలా రాశాను: ‘వి కెన్ గివ్ ఎయిట్ పర్సెంట్ డిస్కౌంట్, ఇఫ్ యు ఆర్డర్ ద ఫుల్ ఇయర్స్ క్వాంటిటీ.’ వచ్చిన జవాబు మొదటి లైను: ‘థ్యాంక్స్ ఫర్ ద ఎయిట్ పర్సెంట్.’ ఏడాది ఆర్డరు ఊసే లేదు. ఇచ్చేది ముందు పెట్టాను, వాళ్లు అక్కడితో చదవడం ఆపేశారు. అదే తెలుగులో అయితే ‘ఏడాదికి సరిపడా తీసుకుంటే ఎనిమిది శాతం తగ్గిస్తాం’ అంటాం. షరతు ముందు, వరం తరవాత. మన ‘-తే’ వాక్యానికి సహజంగా ఉన్న వరసే బేరానికి సరైన వరస. ఇంగ్లీషు వ్యాకరణం రెండు వరసల్నీ ఒప్పుకుంటుంది, బేరం ఒప్పుకోదు. అప్పటినుంచీ ‘ఇఫ్’తోనే వాక్యం మొదలుపెడుతున్నాను.

మరో సభ్యురాలు: బాగా చెప్పారండీ. మరి ‘ఇఫ్’ తరవాత ‘విల్’ వాడాలా, ‘వుడ్’ వాడాలా? మా టీమ్‌లో ‘వుడ్’ మర్యాద కాబట్టి అన్నిచోట్లా అదే రాస్తున్నారు.

జవాబు: అసలు చిక్కు ఇక్కడే ఉందండి. మన ‘తీసుకుంటే’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లీషులో అవి వేరు. ‘ఇఫ్ యు ఆర్డర్, వి విల్ రెడ్యూస్’ అంటే మాట ఇచ్చినట్టే, వాళ్లు ఆర్డరిస్తే తగ్గించి తీరాలి. ‘ఇఫ్ యు ఆర్డర్డ్, వుడ్ దట్ హెల్ప్?’ అంటే ఊరికే ఊహించి అడగడం, ఇంకా ఏదీ చేజారలేదు. మొదట్లో లోతు చూడటానికి ‘వుడ్’, ముగించేటప్పుడు ‘విల్’. సంతకం దగ్గరికి వచ్చాక కూడా ‘వుడ్’ అంటుంటే, ఇంకా తగ్గడానికి చోటుందని వాళ్లకి అర్థమవుతుంది.

మరో సభ్యుడు: చిన్న పక్కదారి. ‘పర్స్వేడ్’ లాటిన్ ‘స్వాదేరె’ నుంచి వచ్చింది. దానికీ మన సంస్కృతం ‘స్వాదు’కీ మూలం ఒకటే, ఇంగ్లీషు ‘స్వీట్’ కూడా ఆ కుటుంబమే. ఒప్పించడమంటే తియ్యగా చెప్పడమన్నమాట.

జవాబు: ఎంత మంచి సంగతి చెప్పారండీ! ‘జెనరస్’తో వచ్చిన తంటా కూడా అదే, తీపి మనకి తగిలింది గానీ వాళ్లకి తగల్లేదు. ఇంకొకటి కలుపుతాను. ‘ఐ అగ్రీ, బట్’ అనకండి. ‘నిజమేగానీ’ అన్నప్పుడు ‘నిజమే’ ఎవరికీ వినపడనట్టు, ‘బట్’ ముందున్నదంతా కొట్టుకుపోతుంది. ‘ఐ అగ్రీ’ దగ్గర చుక్కపెట్టి, మీ మాట కొత్త వాక్యంలో చెప్పండి.

మొదట అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను, చూడండి: ‘ఇఫ్ యు కన్ఫర్మ్ బై ఫ్రైడే, వి విల్ హోల్డ్ దిస్ ప్రైస్ ఫర్ ద హోల్ ఇయర్.’

జవాబు: చాలా బాగుంది, విశేషణం ఒక్కటీ లేదు. ‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారం కూడా కలుస్తుంది, కానీ ఏ గంట దాకా అన్నది తేలదు. పక్కన సాయంత్రం 5 గంటలు అని కూడా వేసి పంపండి.